వీధి మూల మీది ఇరానీ హోటల్

సికింద్రాబాద్ స్టేషన్లో దిగితే చాయ్ కోసం వెతుక్కునే పని లేదు, ఎదురుగానే ఆల్ఫా హోటల్. అక్కడ ఒక కప్పు తాగి గ్రీన్ లైన్ మెట్రో ఎక్కాను. సుల్తాన్ బజార్లో దిగి కాస్త నడిస్తే అబిడ్స్, అక్కడ 1935 నాటి గ్రాండ్ హోటల్.

దారంతా నేను వెతికింది మూలలనే. పాత ఇరానీ హోటల్ అంటే రెండు వీధులు కలిసేచోట, రెండువైపులా గుమ్మాలతో ఉండేది. వీధిపోటని మనవాళ్లు వదిలేసిన మూలలు ఇరాన్ నుంచి వచ్చిన కుటుంబాలకు తక్కువ అద్దెకు దొరికాయని చెబుతారు. లోపల పాలరాతి బల్లలు, వంచిన చెక్క కుర్చీలు, గోడలకు అద్దాలు. గల్లా దగ్గర ఇంటిపెద్ద. సర్వర్ బిల్లు రాయడు, అక్కడినుంచే లెక్క కేకేస్తాడు. ఒక్క చాయ్‌తో గంట కూర్చున్నా లేవమనేవాళ్లు కాదు. మూలస్థలం ధర ఆకాశానికి ఎక్కాక ఆ లెక్క కుదరలేదు. పిల్లలూ వేరే ఉద్యోగాలకు పోయారు. అలా చాలా మూలల్లో ఇప్పుడు మందుల షాపులు, సెల్‌ఫోన్ షాపులు.

మిగిలిన రుచి మాత్రం చాయ్ మాస్టర్ చేతిలో ఉంది. డికాక్షన్ వేరు, పాలు వేరు. రెండూ కప్పులోనే కలుస్తాయి. ఇంట్లో నాలుగు కప్పులకైతే రెండు కప్పుల నీళ్లు, మూడు చెంచాల టీపొడి, రెండు చెంచాల చక్కెర. మూత అంచు చుట్టూ గోధుమపిండి ముద్ద అంటించి, సన్నని సెగ మీద 20 నిమిషాలు. మంట పెంచితే పొడి మరిగిపోయి వగరెక్కుతుంది, ఇక ఎన్ని పాలు పోసినా పోదు. మూత సందిచ్చిందా, వాసనంతా వంటింటికే. పక్కన అర లీటరు చిక్కటి పాలు మూడోవంతు తగ్గేదాకా కాచాలి. కలుపుతూ ఉండకపోతే అడుగంటి మాడు వాసన కప్పు దాకా వస్తుంది. కోవా కలపడం కొందరి పద్ధతి, నాకు అది ఎక్కువే. కప్పులో మూడోవంతు డికాక్షన్, పైన పాలు. రంగు ఇటుకపొడిలా దిగాలి.

ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) దగ్గర ఆటో ఎక్కి చార్మినార్. మక్కా మసీదు పక్కన నిమ్రా కేఫ్‌లో పొద్దున్నే వెళితే బేకరీ ట్రేలు వేడివేడిగా బయటికొస్తుంటాయి. 1993లో మొదలైంది కాబట్టి పాతవాటి లెక్కలోకి రాదు, కానీ ఆ పనితనం ఇక్కడ కళ్లెదుటే కనబడుతుంది. ఉస్మానియా బిస్కెట్‌లో తీపితోపాటు ఉప్పూ తగలాలి. చాయ్‌లో రెండు సెకన్లు ముంచితే చాలు. మూడో సెకనుకు సగం బిస్కెట్ కప్పు అడుగున చేరుతుంది, చెంచా అడగాలి.

ఇంటికి కొనుక్కుంటే వేడి బిస్కెట్లను ప్లాస్టిక్ కవర్లో కట్టించొద్దు. ఆవిరి పట్టి స్టేషన్ చేరేలోపే మెత్తబడతాయి. అట్టపెట్టె అడగండి, మూత కొంచెం తెరిచి పట్టుకోండి.