సేఫ్టీ కమిటీ మినిట్స్‌లో ఏం రాయాలి

భూపాలపల్లి అయినా, గోదావరిఖని అయినా, మందమర్రి అయినా, బొగ్గుబాయిలో సేఫ్టీ కమిటీ నెలకోసారి కూర్చోవాల్సిందే. 1955 మైన్స్ రూల్స్ పెట్టిన లెక్క ఇది: వందమందికి మించి పనిచేసే గనిలో కమిటీ ఉండాలి. మేనేజర్ ఛైర్మన్, సేఫ్టీ ఆఫీసర్ కార్యదర్శి, అధికారుల వైపు ఐదుగురు, కార్మికుల వైపు ఐదుగురు, వీళ్లతో పాటు కార్మికుల తరఫున గనిని తనిఖీ చేసే వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్. సిఫారసు అందిన 15 రోజుల్లో ఏం చేశారో మేనేజ్‌మెంట్ చూపాలి.

ఈ 15 రోజుల గడువు చాలాసార్లు మినిట్స్‌లో రాసిన వాక్యం దగ్గరే నీరుగారిపోతుంది. "రూఫ్ సపోర్టు (గని పైకప్పు కూలకుండా పెట్టే ఆధారం) మెరుగుపరచాలి" అని రాస్తే "మెరుగుపరిచాం" అని జవాబొస్తుంది, అంశం అక్కడితో సరి. అదే "3వ సీమ్, 21 డిప్, 47 లెవెల్ జంక్షన్, రైజ్ వైపు మూల. నాలుగు బోల్టుల ప్లేట్లు రూఫ్‌కు ఆనడం లేదు, చేత్తో తిప్పితే తిరుగుతున్నాయి" అని ఏ బొగ్గు పొరలో, ఏ దారుల కూడలిలో, ఏ మూల లోపముందో రాస్తే తప్పించుకోవడానికి దారి ఉండదు. దాని కిందే పని ఎవరిది, ఏ తేదీలోపు, చూసి రావాల్సింది ఎవరు అన్నదీ రాయాలి. పని చేసినవాళ్లే చూసి సంతకం పెడితే అది తనిఖీ కాదు.

ప్లేటు ఎందుకు వదులైందో వెతకడమూ కమిటీ పనే. రూఫ్ రంధ్రంలో బోల్టును పట్టి ఉంచే సిమెంట్ క్యాప్సూల్‌ను నీళ్లలో వేశాక బుడగలు ఆగేదాకా ఉంచాలి. తొందరపడి తీస్తే లోపల పొడి పొడిగానే ఉంటుంది. ముందే నానేసి మరిచిపోతే గట్టిపడి బోల్టు పూర్తిగా దిగదు. వానాకాలంలో స్టోరులోనే చెమ్మ తగిలి కొన్ని ముందే గడ్డకడతాయి. డ్రిల్ రాడ్‌కు గుర్తు పెట్టుకోకపోతే రంధ్రం బోల్టు కంటే లోతుగా పడి పైన ఖాళీ మిగులుతుంది. ఒకటి నేర్పితే పోయే తప్పు, ఒకటి స్టోరు తప్పు, ఇంకొకటి రాడ్ మీద రంగు గీత పెడితే పోతుంది. బోల్టులు వేసే సపోర్ట్‌మన్‌కు మెమో ఇస్తే వీటిలో ఒక్కటీ బాగుపడదు. మన గనుల్లో చాలా కమిటీలు మాత్రం ఆ మెమో దగ్గరే ఆగిపోతాయి.

వేడి సంగతీ అంతే. "గాలి ఆడతలేదు" అని కార్మికుడు చెప్పిన మాటను కమిటీ అంకెలోకి మార్చాలి. వెట్ బల్బ్ (తడి వత్తి చుట్టిన థర్మామీటర్ చూపే వేడి) 33.5 డిగ్రీలు దాటకూడదు, 30.5 దాటిన చోట గాలి సెకనుకు కనీసం ఒక మీటరు వేగంతో ఆడాలి. దాన్ని కొలవడానికి గాలిలో చేత్తో తిప్పే హైగ్రోమీటర్ వత్తి శుభ్రంగా, తడిగా ఉండాలి. తిప్పడం ఆపగానే ముందు వెట్ బల్బే చదవాలి, ఆలస్యమైతే అంకె పెరుగుతుంది. మనుషులు పనిచేసే ఫేస్ (బొగ్గు తీసే చోటు) దగ్గరే కొలవాలి. అంకె ఎక్కువొస్తే ముందు చిరిగిన బ్రాటిస్ (గాలిని మళ్లించే గుడ్డ తెర), గాలి కారే స్టాపింగ్ (గాలి దారి తప్పకుండా కట్టిన అడ్డుగోడ) చూడండి.

త్రుటిలో తప్పిన ప్రమాదాలు కమిటీ దాకా రావు. చెప్తే ఛార్జిషీటు వస్తుందని భయం. చెప్పినందుకు ఎవరి మీదా చర్య ఉండదని ఛైర్మనే మినిట్స్‌లో రాయించాలి, ఆ మాట నిలబెట్టుకోవాలి కూడా. సమావేశంలో కార్మికులు ముందు మాట్లాడాలి, మేనేజర్ ఆఖరున. ఆయన మొదట్లోనే "అది చూశాం" అనేస్తే మిగతా నోళ్లు మూతపడతాయి. కార్మికుల వైపు ఐదుగురూ పర్మినెంట్ వాళ్లే అయినచోట కాంట్రాక్టు కార్మికుణ్ని కూడా పిలిచి కూర్చోబెట్టాలి. బాయిలోకి దిగే మనిషికి రూఫ్ ఒక్కటే.

మినిట్స్ కాపీ తెలుగులో హాజరు వేసే మస్టర్ దగ్గర, దీపాలు ఇచ్చే లాంప్ రూమ్ దగ్గర అంటించాలి. పని పూర్తయిన రోజు ఆ అంశం చెప్పిన మనిషికి ముందు తెలియాలి. 47 లెవెల్‌లో ప్లేట్లు బిగించారని అతనికి షిఫ్టు ఎక్కకముందే చెప్తే, వచ్చే నెల ఇంకో చోటు పేరు అతనే పట్టుకొస్తాడు.