గుట్టను తేల్చేది కనుమ

వేల్స్‌లో చిన్న కొండల జాబితాలు తయారుచేసేవారు ఒక ఎత్తును విడి కొండగా లెక్కించాలా, పక్క కొండకు భుజంగా వదిలేయాలా అని నిర్ణయించడానికి శిఖరం ఎత్తు ఒక్కటే చూడరు. ఆ శిఖరం మీద నుంచి బయలుదేరి, దానికంటే ఎత్తయిన మరో కొండకు చేరుకోవడానికి కనీసం ఎంత దిగక తప్పదో చూస్తారు. దీన్ని డ్రాప్ అంటారు. నేను దిగుడు అంటాను. దిగుడు 30 మీటర్లు ఉంటే ఆ కొండ టంప్, 100 ఉంటే హంప్, 150 ఉంటే మారిలిన్. కాబట్టి గుట్ట భవిష్యత్తు శిఖరం మీద ఎంత ఆధారపడుతుందో, రెండు కొండల నడుమ ఉన్న కనుమ మీద కూడా అంతే ఆధారపడుతుంది. వెల్ష్ భాషలో కనుమను బుల్ఖ్ అంటారు.

చిక్కంతా అక్కడే ఉండేది. పటాలు గీసేవారు శిఖరాల ఎత్తు చాలాచోట్ల అంకెల్లో వేశారు గానీ, ఎవరూ పనిగట్టుకుని వెళ్లని కనుమలకు ఆ భాగ్యం అరుదుగా దక్కింది. కెరెడిగియన్ ప్రాంతంలో నేను ఎక్కిన ఒక గుట్టకు పటంలో శిఖరం అంకె కూడా లేదు. ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ గీసే కాంటూరు రేఖల్లో చిట్టచివరిది 340 మీటర్లది. కనుమ 310, 320 రేఖల మధ్య ఎక్కడో ఉంది. అంటే దిగుడు 20 మీటర్లకు కాస్త పైన ఉండవచ్చు, 40కి కాస్త లోపల ఉండవచ్చు. పది మీటర్ల అంతరంతో గీసిన రేఖలు అంతకుమించి చెప్పలేవు. అయినా దాన్ని టంప్ అనే నమ్మి ఎక్కాను.

లేజర్ సర్వే ఈ అయోమయాన్ని చాలావరకు తీర్చింది. విమానం నుంచి లేజర్ కిరణాలను నేల మీదికి పంపి, అవి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి ఎత్తు లెక్కగట్టే పద్ధతినే లైడార్ అంటారు. తొలినాళ్లలో వేల్స్‌లో ఈ సర్వే ఎక్కువగా వరద ముప్పు అంచనా కోసం జరిగింది కాబట్టి, కొండ ప్రాంతాల్లో పెద్ద ఖాళీలు మిగిలిపోయాయి. 2020 తర్వాత వెల్ష్ ప్రభుత్వం దేశమంతటినీ ఒక్కో మీటరు గళ్లుగా విడగొట్టి, ప్రతి గడికీ ఎత్తు తేల్చే వివరంతో కొత్త సర్వే చేయించి, ఆ సమాచారాన్ని అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచింది. మధ్య వేల్స్‌లో ఎన్నో కనుమల మీద సిట్కా స్ప్రూస్ చెట్లు దట్టంగా పెరిగి ఉంటాయి; వాటి కింద జీపీఎస్ పరికరం పెట్టుకుని కూర్చున్నా ఉపగ్రహాల సంకేతం సరిగా అందదు. లేజర్ కిరణాల్లో కొన్ని ఆ కొమ్మల సందుల్లోంచి నేలను తాకి తిరిగి వస్తాయి. ఈ పనిలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్నది ఇదే.

ఇక నా గుట్ట సంగతి. ఆ ప్రాంతపు గళ్లను తెరిచి ప్రోగ్రాముతో లెక్క వేయిస్తే శిఖరం 347.9, కనుమ 317.6, దిగుడు 30.3 అని వచ్చింది. చాలా సంతోషించాను. తర్వాత ఆ శిఖరపు గడిని దగ్గరగా చూస్తే, ఎత్తయిన గళ్లన్నీ ఒకే వరుసలో, సన్నని గీతలా సాగిపోతున్నాయి. ప్రకృతి అంత తిన్నగా గీతలు గీయదు. అది పొలం గట్టు. ఎప్పుడో మట్టి పోసి, పైన కంచె మొక్కలు నాటిన గట్టు. నేల నమూనాలో చెట్లను, ఇళ్లను తీసేస్తారు గానీ ఇలాంటి మట్టిగట్లు నేలగానే మిగిలిపోతాయి. గట్టు పక్కన సహజమైన నేల 347.2 మీటర్లే ఉంది. దిగుడు 29.6కు పడిపోయింది. మనిషి పోసిన మట్టిని కొండ ఎత్తులో కలపకూడదన్నది నేను మనస్ఫూర్తిగా ఒప్పుకునే నియమం కాబట్టి, ఆ గుట్టను నా జాబితా నుంచి నేనే కొట్టేశాను. ఆ సాయంత్రం మనసు చివుక్కుమన్న మాట నిజం.

లైడార్ చెప్పిందే తుది మాట అనుకోవడం కూడా పొరపాటే. నేల ఎత్తులో అది సుమారు 15 సెంటీమీటర్లు అటూ ఇటూ కావచ్చు. పైగా ఒక మీటరు గడిలో నిలబడిన మొనదేలిన బండను చదునుచేసి చూపవచ్చు. స్నోడోనియాలోని మినిద్ గ్రైగ్ గోఖ్‌ను 609 మీటర్లని పటాలు చెబుతూ వచ్చాయి. 2008లో జీపీఎస్ పరికరంతో కొలిస్తే 609.75 అని తేలి, 2,000 అడుగులు, అంటే 609.6 మీటర్లు దాటిన పర్వతాల్లో అది చేరింది. గెలిచిన తేడా సరిగ్గా 15 సెంటీమీటర్లు. అలాంటి చోట విమానం నుంచి చూసి తీర్పు చెప్పలేము. అన్నిటికంటే ఎత్తయిన బండ ఏదో వెతికి, పరికరం దాని మీదే నిలపాలి. నా గుట్టకు 40 సెంటీమీటర్లు తక్కువైంది కనుక, శిఖరం, కనుమ రెండింటిలోనూ పొరపాటు నాకు అనుకూలంగానే జరిగిందనుకున్నా 30 అందదు.

అయినా కిందటి నెల ఆ కనుమకు వెళ్లి వచ్చాను. గొర్రెలు తొక్కి చిత్తడి చేసిన పచ్చిక, పక్కన ఒక ఇనుప గేటు. తెరమీద గుర్తుపెట్టుకున్న చోట నిలబడితే, రెండు అడుగుల దూరంలోనే నీరు ఒక జాడ పడమరకూ, మరొక జాడ తూర్పుకూ ఊటలా జారిపోతోంది. 317.6 మీటర్ల చోటు అదే.