ఊపిరి మీద ధ్యాస నిలవని రోజుల్లో

పానిక్ అటాక్‌లు వస్తున్నాయని ఎవరితో చెప్పినా ముందుగా వచ్చే సలహా ఒకటే: "కళ్లు మూసుకుని ఊపిరి మీద ధ్యాస పెట్టు." చాలామందికి అది పనిచేస్తుంది. కానీ నా భయమంతా ఊపిరితోనే. గాలి సరిగ్గా అందుతోందా లేదా అన్న అనుమానం ఒక్కసారి పుట్టిందంటే, ఇక ప్రతి శ్వాసనూ నేనే పనిగట్టుకుని లాగాల్సి వచ్చేది. నిమిషం తిరక్కుండానే గుండె దడ, అరచేతుల్లో చెమట, మూతి చుట్టూ తిమ్మిరి. ధ్యానానికి కూర్చుని అటాక్‌తో లేచేదాన్ని. నాలాగే ధ్యానం తమ వల్ల కాదని వదిలేసినవాళ్లు ఉంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

మొదటిసారి వచ్చినప్పుడు గుండెపోటే అనుకుని ఎమర్జెన్సీకి పరుగెత్తాం. ఈసీజీ బాగుంది. రక్తపరీక్షలు, థైరాయిడ్ అన్నీ బాగున్నాయి. "ఏమీ లేదు, టెన్షన్ తగ్గించుకోండి" అని పంపించేశారు. ఏమీ లేకపోతే ఆ చావు భయం ఎక్కడి నుంచి వచ్చినట్టు? మళ్లీ ఎప్పుడు వస్తుందోనన్న దిగులు అసలు అటాక్ కన్నా ఎక్కువ నష్టం చేసింది. లిఫ్ట్ ఎక్కడం మానేశాను, క్యూలో నిలబడటం మానేశాను, ఇంట్లో ఒంటరిగా ఉండటం కూడా. చివరికి మా అక్క దగ్గరుండి సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లింది.

ఆ డాక్టరమ్మ దీన్ని పానిక్ డిజార్డర్ అంటారని చెప్పి, ఒంట్లో ఏం జరుగుతోందో ఓపికగా వివరించారు. ప్రమాదమేమీ లేకపోయినా మెదడు ప్రమాదఘంట మోగించేస్తుంది. అడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది. ఊపిరి గబగబా తీసేకొద్దీ రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. వేళ్లు తిమ్మిరెక్కడం, తల తేలిపోవడం, గాలి చాలనట్టు అనిపించడం చాలావరకు దానివల్లే. ఆక్సిజన్‌కి లోటేమీ ఉండదు. మామూలుగా పది నిమిషాల్లోపే భయం పతాక స్థాయికి చేరి, ఆ తర్వాత దిగడం మొదలుపెడుతుంది. ఇదంతా తెలిశాక భయం పోలేదు గానీ, దానికి ఒక హద్దు కనిపించింది. మందులు మొదలుపెట్టారు. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని ముందే చెప్పారు, అలాగే పట్టింది కూడా. దాంతోపాటు, భయపెట్టే ఆలోచనలనీ వాటికి మనం స్పందించే తీరునీ మార్చుకోవడం నేర్పే సీబీటీ అనే థెరపీకి పంపారు.

థెరపిస్ట్‌తో ధ్యానం సంగతి చెప్తే ఆయన ఆశ్చర్యపోలేదు. "మీకిలా అవడం వింతేమీ కాదు. ఊపిరిని కొన్నాళ్లు పక్కన పెట్టండి. కళ్లు తెరిచే ఉంచండి. ఇప్పుడు మీకేం వినిపిస్తోంది?" అన్నారు.

ఫ్యాన్ చప్పుడు అన్నాను. ఇంకాస్త వినమన్నారు. అంతవరకూ ఒకే హోరుగా అనిపించిన ఆ చప్పుడులో సన్నటి టిక్కు ఒకటి ఉంది, ప్రతి తిరుగుడుకీ ఒకసారి. దాని వెనక గదిలోకి వచ్చే వీధి శబ్దం. ఎక్కడో తలుపు వేసిన చప్పుడు. అన్నిటికన్నా దూరంగా, ఉందో లేదో తెలియనంత సన్నగా, ఎవరిదో మాట. శబ్దంతో నాకు నచ్చింది ఏమిటంటే, దాన్ని నేను తెప్పించుకోనక్కర్లేదు. ఊపిరిలాగా నేను లాగితేనే వస్తుందేమోనన్న బెంగ లేదు. చెవులు తెరుచుకునే ఉంటాయి, వచ్చేది వస్తుంది, పోయేది పోతుంది. పైగా ఏ శబ్దమైనా ఇప్పుడే వినిపించాలి. రేపు రాబోయే అటాక్‌ని ఊహించగలను గానీ, రేపటి ఫ్యాన్ చప్పుడు ఇవాళ వినలేను కదా!

తర్వాత స్పర్శ. అరికాళ్లను నేలకు ఆనించి, మడమ దగ్గర బరువెంత, వేళ్ల దగ్గరెంత, నేల చల్లదనం పాదం మొత్తానికి తగులుతోందా, మధ్యలో వంపు దగ్గర తగలట్లేదా అని చూడటం. రాత్రిపూట నిద్రలోంచి దడతో లేచినప్పుడు నన్ను ఎక్కువగా ఆదుకున్నవి ఈ అరికాళ్లే. వాసన మొదటి క్షణంలో గట్టిగా పట్టి లాగుతుంది గానీ, ముక్కు త్వరగా అలవాటుపడిపోతుంది, కాసేపటికి ఆ వాసనే తెలియదు. ఎక్కువసేపు కూర్చోవడానికి అది పనికిరాదు. రుచి కోసం ఎండుద్రాక్ష ఒక్కటి నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలేదాన్ని. జాన్ కబట్ జిన్ 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణంలో జరిగేదాన్ని ఎరుకతో గమనించడం) శిక్షణతో పేరుపడిన అభ్యాసమిది.

కనిపించేవి ఐదు, తాకేవి నాలుగు, వినిపించేవి మూడు అని లెక్కపెట్టుకునే పద్ధతి కూడా చాలామంది చెప్తారు. కంగారు తారస్థాయిలో ఉన్నప్పుడు అది మేలే. నాకు మాత్రం అది పరీక్ష రాస్తున్నట్టుండేది. ఒక్క శబ్దంతోనే ఉండిపోవడం ఎక్కువ కుదిరింది.

ఇక్కడ థెరపిస్ట్ గట్టిగా చెప్పిన విషయం ఒకటుంది. భయం నుంచి పారిపోవడానికి శబ్దాన్ని వాడుకుంటే, ఆ భయం అంతే బలంగా మిగిలిపోతుంది. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, కొట్టుకోనివ్వాలి, దాంతోపాటే ఫ్యాన్ కూడా వినిపిస్తుండాలి. అందుకే ఆయన సెషన్‌లో కావాలనే నాచేత గబగబా ఊపిరి తీయించేవారు. తల తిరిగి, వేళ్లు జివ్వుమంటుంటే, పారిపోకుండా కుర్చీ చేతుల గరుకుదనం వేళ్ల కింద తెలుసుకుంటూ కూర్చోవాలి. మొదట్లో ఏడ్చాను. నా కోలుకోవడంలో అన్నిటికన్నా కష్టమైన భాగం అదే, అన్నిటికన్నా పనిచేసిందీ అదే.

మనసులో ఒక సందేహం మాత్రం చాలాకాలం పీకింది. ఇంద్రియాలను లోపలికి మళ్లించడమే ధ్యానమని కదా విన్నాం, నేను చేసేది ధ్యానమేనా అని. యోగసూత్రాల్లో పతంజలి ప్రత్యాహారాన్ని, అంటే ఇంద్రియాలను లోపలికి మళ్లించడాన్ని, యోగానికున్న ఎనిమిది అంగాల్లో ఐదోదిగా చెప్పిన మాట నిజమే. కానీ ఆయనే మొదటి పాదంలోని 35వ సూత్రంలో, ఇంద్రియ విషయాల మీద కలిగే అనుభవం కూడా మనసును స్థిరంగా నిలుపుతుందన్నారు. బౌద్ధంలో ఎరుకను నిలిపే సతిపట్ఠాన సాధనలోనూ కన్ను, చెవి, ముక్కు, నాలుక, శరీరం, మనసు ఆరింటినీ గమనించమనే ఉంది. అది చదివాక ఆ పీకులాట తగ్గింది.

బాగయ్యాక కూడా డాక్టర్ చెప్పినన్నాళ్లూ మందులు వాడి, ఆవిడ చెప్పినట్టే డోసు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ ఆపాను. లిఫ్ట్ ఎక్కుతున్నాను. తలుపులు మూసుకునేటప్పుడు ఇప్పటికీ ఒక్కోసారి గుండె జారుతుంది. మోటార్ శబ్దం వింటూ, కాళ్ల కింద ఆ చిన్న కుదుపు తెలుసుకుంటూ నా అంతస్తు దాకా వెళ్తాను. ఈమధ్య ఊపిరి దగ్గర కూడా కాసేపు కూర్చోగలుగుతున్నాను. బిగుసుకుంటున్నట్టు అనిపిస్తే మళ్లీ చెవుల దగ్గరికి వచ్చేస్తాను.