సారా బెర్నార్ కోట దగ్గర, పోటు వేళ

పారిస్ నుంచి రైల్లో ఓరే అనే ఊరు, అక్కడి నుంచి బస్సులో కిబెరాన్ రేవు, ఆ తర్వాత ముప్పావు గంట పడవ. బెల్ ఈల్ ద్వీపంలో దిగేసరికి నా కడుపులో తిప్పేస్తోంది. చనిపోయి వందేళ్లు దాటిన ఫ్రెంచ్ రంగస్థల నటి సారా బెర్నార్ ఇల్లు చూడ్డానికి ఇంత దూరం వచ్చానంటే సైకిల్ అద్దెకిచ్చినాయన నవ్వాడు. "గాలి ఎదురొస్తుందండీ, చూసుకోండి" అన్నాడు.

ఎదురే వచ్చింది. ద్వీపం ఉత్తరపు కొనలో చెట్టన్నది లేదు. అన్నీ రాళ్లు, ముళ్లపొదలు. వాటి మధ్య సైనికులు కాపలా కోసం కట్టుకుని, తర్వాత వదిలేసిన పొట్టి రాతి కోట. సారా బెర్నార్ దీన్ని కొన్నది 1894లో, యాభయ్యో ఏట. అప్పటికే అమెరికాను చుట్టి వచ్చిన మనిషి, కావాలంటే ఎక్కడైనా మేడ కొనుక్కోగలదు. నేను ఊహించుకుని వెళ్లిందీ మేడనే. ఇక్కడేమో మాట్లాడితే మాట గాలికి కొట్టుకుపోతోంది.

ఆమె జీవితం చదివితే మాత్రం ఈ చోటు అంత వింతగా అనిపించదు. 1862లో పారిస్‌లోని పేరున్న నాటకసంస్థ కామెడీ ఫ్రాన్సేజ్‌లో తొలిసారి వేషం వేస్తే ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మరుసటి ఏడాది నాటకకర్త మోలియేర్ జయంతి రోజున సారా చెల్లెలు పొరపాటున ఒక పెద్ద నటి గౌను అంచు తొక్కింది. ఆవిడ పిల్లని స్తంభం మీదికి తోసేసింది. సారా వెళ్లి ఆవిడ చెంప పగలగొట్టింది. క్షమాపణ చెప్పమన్నారు. చెప్పలేదు, ఉద్యోగం పోయింది. ఆమె తన గుర్తుగా పెట్టుకున్న మాట తెలుగులో చెప్పాలంటే "అయినా సరే".

1870లో పారిస్‌ని జర్మన్ రాజ్యం ప్రష్యా సేనలు ముట్టడిస్తే ఓదెయాన్ నాటకశాలను ఆసుపత్రిగా మార్చింది. 1899లో, 54 ఏళ్ల వయసులో షేక్‌స్పియర్ నాటకంలోని యువరాజు హామ్లెట్ వేషం కట్టింది. 1905లో బ్రెజిల్‌లోని రియోలో, నాటకం చివర కోటగోడ మీంచి దూకే సన్నివేశంలో కింద పరుపులు లేవు. మోకాలు దెబ్బతింది. ఆ నొప్పి ఏళ్ల తరబడి వదల్లేదు, 1915లో కుడి కాలు తీసేశారు. 70 ఏళ్లు. కృత్రిమ కాలు వద్దని, కుర్చీలో మోయించుకుని మొదటి ప్రపంచయుద్ధ రంగంలో సైనికుల ముందు నటించింది.

ఇవన్నీ తలుచుకుంటూ కోట అవతల లైట్‌హౌస్ ఉన్న రాతిదిబ్బ మీద కూర్చుండిపోయాను. ఆటు ఉన్నప్పుడు అక్కడికి ఇసుక మీద నడిచిపోవచ్చు. పోటు వస్తే దారి ఉండదు. బోర్డు ఉంది, చదివాను కూడా. తల తిప్పి చూసేసరికి ఇసుక సగం మునిగింది. టెన్షన్‌తో బూట్లు చేతబట్టుకుని మోకాలి లోతు చల్లటి నీళ్లలో ఈవలికొచ్చి పడ్డాను. ఇద్దరు ముసలి దంపతులు నన్నే చూస్తున్నారు.

తడి ప్యాంటుతోనే కోటలోకి వెళ్లాను. గోడలు ఎంత మందమంటే లోపలికి అడుగు పెట్టగానే గాలి హోరు ఆగిపోయింది. అంత హోరు తర్వాత చెవులకి ఆ నిశ్శబ్దమే వింతగా ఉంది. ఏటా వేసవికి ఆమె స్నేహితుల్నీ, పెంపుడు జంతువుల్నీ వెంటేసుకుని వచ్చేదట. 1922లో అమ్మేసింది. మరుసటి ఏడాది మార్చిలో పారిస్‌లో ఇంట్లోనే సినిమా షూటింగ్ సాగుతున్న రోజుల్లోనే పోయింది.

తిరుగు ప్రయాణంలో గాలి వీపున ఉంది. తడి సాక్సులు హ్యాండిల్‌కి కట్టి, సోజోన్ రేవు దాకా దాదాపు తొక్కకుండానే వచ్చేశాను. అక్కడ మన అట్టులాంటి గలెట్ ఒకటి తిన్నాక గానీ వణుకు తగ్గలేదు.