నిర్మాల్యం ముడి

పోయిన ఆదివారం మా అపార్ట్‌మెంటు వాళ్లం తొమ్మిది మందిమి హైదరాబాదు గండిపేట చెరువు గట్టు దగ్గర చెత్త ఏరడానికి వెళ్లాం. బీరు సీసాలు, బిర్యానీ డబ్బాలు ఎలాగూ ఉన్నాయి. వాటిని చూసి తిట్టుకోవడం తేలిక. తాగింది మనం కాదు, తిన్నది మనం కాదు. నన్ను కూలబడేలా చేసింది మాత్రం ఒక చిన్న తెల్ల కవరు. చెవులు రెండూ కలిపి గట్టిగా రెండు ముళ్లు వేసి ఉంది. గోటితో ఊడలేదు, చింపాల్సి వచ్చింది. లోపల బంతిపూలు నల్లటి గుజ్జయ్యాయి. ఆ గుజ్జులో అగరుబత్తి పుల్లలు, సగం కాలిన వత్తి, చెక్కుచెదరని కుంకుమ పొట్లం.

ఆ ముడి నాకు తెలుసు. అచ్చం మా అమ్మ వేసే ముడే.

"నిర్మాల్యం కాళ్ల కింద పడకూడదు, నీళ్లలో కలిపి రారా" అని అమ్మ ఇచ్చిన కవరును స్కూటరుకు తగిలించుకుని, మూసీ వంతెన మీద ఆగి ఎన్నేళ్లు విసిరానో లెక్కలేదు. కళ్లకద్దుకుని మరీ విసిరేవాణ్ణి. పూలు నీళ్లలో కలిసిపోవాలన్నది పెద్దల ఆలోచన. కవరులో పెట్టి ముడేశాక ఇంక కలిసేదేముంది? పూలు లోపలే కుళ్లుతాయి, కవరు ముక్కలవుతుందే తప్ప పోదు.

పైగా గండిపేట మామూలు చెరువా? 1908 సెప్టెంబరులో మూసీ నగరాన్ని ముంచెత్తాక, మళ్లీ అంత ముప్పు రాకుండా నదికి అడ్డంగా కట్టి 1920లో పూర్తిచేసిన జలాశయం. ఈ నీళ్లు తాగినవాళ్లు ఊరు వదలరని గొప్పగా చెప్పుకుంటాం కూడా.

120 మైక్రాన్ల కన్నా పలుచని సంచులకు 2022 చివరి నుంచి దేశమంతటా నిషేధం ఉంది. మా వీధిలో పూలు ఇంకా వాటిలోనే ఇస్తారు. పూలామెను అనడానికి నోరు రాలేదు. చేతులూపుకుంటూ వెళ్లేది నేనే కదా.

ఇంటికొచ్చి అమ్మకు ఫోటో చూపించాను. చాలాసేపు చూసి, "కుంకుమ కూడా పారేశారా!" అంది. అంతే. మర్నాడు పాత రంగు డబ్బాకు చిల్లులు పెట్టి, మట్టి పోసి బాల్కనీలో ఉంచాను. మూత పెడితే దేవుడి పూలకు ఊపిరాడదేమోనని ఆమెకు రెండు రోజులు అనుమానం. శుక్రవారం నేను దండను అలాగే అందులో వేయబోతుంటే వంటింట్లోంచి కేక వినిపించింది.

"దారం తియ్యరా, అది నైలాను!"