మేఘం లేచినప్పుడు ఎవరి బరువు ఎవరిది?

బైబిల్లోని సంఖ్యాకాండము 9వ అధ్యాయం చివరి వచనాలను చాలామంది గబగబా చదివి దాటేస్తారు. అరణ్య ప్రయాణంలో దేవుని సన్నిధికి గుర్తుగా ఉన్న మేఘం, ఆరాధన గుడారమైన మందిరం మీద నిలిచినంత కాలం ఇశ్రాయేలీయులు దిగి ఉండేవారు, అది లేచినప్పుడు బయలుదేరేవారు. రెండు రోజులైనా, ఒక నెలయినా, ఏడాదైనా అంతే. చెప్పిన మాటే మళ్లీ చెబుతున్నట్టు అనిపిస్తుంది. కానీ జీవితంలో ఒక కాలం ముగిసి ఇంకో కాలం మొదలవుతున్నవాళ్లు ఆ వచనాల దగ్గర కాసేపు ఆగాలి. ఎప్పుడు కదలాలన్నది ఆ జనం చేతిలో లేదు, ఎన్నాళ్లు ఉండాలన్నదీ లేదు. అయినా అంతటి సమూహం అరణ్యంలో చెల్లాచెదురు కాలేదు.

బిడ్డ పుట్టినప్పుడు, ఉద్యోగం మారినప్పుడు, అమ్మో నాన్నో మంచం పట్టినప్పుడు, పిల్లలు ఇల్లు విడిచి వెళ్లినప్పుడు విశ్వాసులు ఒకే రకంగా బాధపడతారు. "ఇదివరకు అన్నీ ఒక పద్ధతిలో జరిగేవి. ఇప్పుడు వేకువ ప్రార్థనకే దిక్కులేదు. నా భక్తి చల్లారిపోయిందా?" ఇలా కుమిలిపోయేవాళ్లకు నేను మొదట చెప్పాలనుకునేది ఇదే: మేఘం లేచింది. నిన్నటి చోట వేసిన గుడారం నేటి చోట దానంతటది నిలబడదు. "ప్రతిదానికి సమయము కలదు. ఆకాశము క్రింద ప్రతి ప్రయత్నమునకు సమయము కలదు" అని ప్రసంగి 3:1 అంటుంది. ఆ కాలాలను నియమించిన దేవుడు, అవి మారినందుకు మనల్ని నేరస్థుల్లా చూడడు.

మరి కదిలేటప్పుడు ఏం చేయాలి? దీనికి సంఖ్యాకాండము 4వ అధ్యాయంలో ఉన్నంత వివరం బైబిల్లో మరెక్కడా నాకు కనబడలేదు. ప్రత్యక్షపు గుడారాన్ని, అంటే ఆ మందిరాన్ని, విప్పి, మోసి, మళ్లీ నిలబెట్టే పని లేవీ గోత్రంవారైన లేవీయులది. ముప్పై ఏళ్లు మొదలుకొని యాభై ఏళ్ల వరకు ఉన్న పురుషులను లెక్కపెడితే 8,580 మంది తేలారు. వాళ్లలోని మూడు వంశాలకు పని పంచారు. కహాతీయులకు మందసం (దేవుని ఆజ్ఞల పలకలున్న పెట్టె), బల్ల, దీపవృక్షం, బలిపీఠాలు. గెర్షోనీయులకు తెరలు, కప్పులు. మెరారీయులకు పలకలు, స్తంభాలు, దిమ్మలు, మేకులు, త్రాళ్లు. మెరారీయులు మోయాల్సిన ఒక్కొక్క వస్తువును పేరుపేరునా అప్పగించమని దేవుడు ఆజ్ఞాపించాడు. మేకులను కూడా! సర్వలోకాన్ని చేసిన ప్రభువు, గుడారం మేకు ఎవరి చేతిలో ఉండాలో పట్టించుకున్నాడు. ఇంటి లెక్కలు, మందుల వేళలు, బడి ఫీజు గడువులు ఆత్మీయత లేని పనులని ఎవరైనా అంటే నేను ఒప్పుకోలేను.

ఇంట్లో పెద్ద మార్పు వచ్చినప్పుడు పనులు ఎవరికీ అప్పగించకుండానే మొదలవుతాయి. కనబడే పెద్ద పనిని ఎవరో ఒకరు అందుకుంటారు. పేరు లేని చిన్న పనులన్నీ మాత్రం ఒక్కరి మీదే పడతాయి, చాలా ఇళ్లలో అది ఇల్లాలు. ఆసుపత్రికి తీసుకెళ్లేది కొడుకు అని అందరికీ తెలుసు. తర్వాత ఎప్పుడు చూపించుకోవాలో గుర్తుపెట్టుకునేది ఎవరు? బంధువుల ఫోన్లకు జవాబు చెప్పేది ఎవరు? మందు అయిపోకముందే తెచ్చేది ఎవరు? ఇవే మేకులు, త్రాళ్లు. ఇంట్లోవాళ్లంతా కూర్చుని వీటిని కాగితం మీద పెట్టి, పక్కన ఎవరి పేరు వాళ్లు రాసుకోవాలి. రాశాక దాని మీద చేతులుంచి ప్రార్థన చేయండి. అది కూడా కుటుంబ ప్రార్థనే.

బండ్ల పంపకం ఇంకా ఆలోచింపజేస్తుంది. 7వ అధ్యాయంలో ఇశ్రాయేలు గోత్రాల ప్రధానులు ఆరు బండ్లు, పన్నెండు ఎద్దులు తెచ్చారు. గెర్షోనీయులకు రెండు బండ్లు, నాలుగు ఎద్దులు. మెరారీయులకు నాలుగు బండ్లు, ఎనిమిది ఎద్దులు. కహాతీయులకు ఒక్కటీ ఇవ్వలేదు, పరిశుద్ధ వస్తువులను వాళ్లు భుజాల మీదే మోయాలి. ఎవరి పనికి తగ్గ సాయం వాళ్లకు అందింది. బరువైన పలకలు మోసేవాళ్లకు ఎక్కువ బండ్లు ఇస్తే మిగతావాళ్లు సణిగినట్టు వాక్యంలో లేదు. మనం మాత్రం సాయం తీసుకోవడాన్ని విశ్వాసలోపం అనుకుంటాం. పసిబిడ్డ తల్లికి పని మనిషిని పెట్టుకోవడం, మంచాన ఉన్న తండ్రికి నర్సును పిలవడం, అప్పుల లెక్క తెలిసినవారికి చూపించడం, ఇవన్నీ బండ్లే. దేవుడు బండి పంపితే ఎక్కించాల్సింది ఎక్కించండి. భుజం మీద మోయాల్సినవి వేరే ఉన్నాయి: బిడ్డతో గడిపే సమయం, భర్తతోనో భార్యతోనో మనసు విప్పి మాట్లాడటం, దేవునితో ఒంటరిగా ఉండటం. వాటిని ఎంత మంచి బండి మీదా పంపలేం.

పాళెం బయలుదేరాల్సి వచ్చినప్పుడు అందరికంటే ముందు గుడారం లోపలికి వెళ్లేది ప్రధాన యాజకుడు అహరోను, అతని కుమారులు. అడ్డతెర దించి మందసాన్ని కప్పుతారు, దాని మీద తోలు, ఆ పైన నీలిబట్ట. మిగతా సామాను సంగతి ఆ తర్వాతే. ఈ వరుస మనకెంతో అవసరం. మార్పు వచ్చిన మొదటి వారంలో మనం ఫర్నిచర్ గురించి, సెలవుల గురించి, డబ్బు గురించి తీర్మానాలు చేసుకుంటాం. ప్రార్థన సంగతి అన్నీ కుదుటపడ్డాక చూద్దామంటాం. కాబట్టే అది అన్నిటికన్నా ముందు పోతుంది. కొత్త కాలంలో దేవునితో గడిపే సమయం ఏ వేళకో, ఎంతసేపో మొదటే తేల్చుకోండి. అది చిన్నదైనా ఫరవాలేదు. రాత్రి మూడుసార్లు లేచే తల్లి వేకువనే గంటసేపు మోకరించలేదు. బిడ్డకు పాలిస్తూ ఒక కీర్తన మెల్లగా చదువుకోగలదు, రోజూ అదే కీర్తనైనా సరే. షిఫ్టులు మారే ఉద్యోగి గడియారం చూసి ప్రార్థన వేళ నిలుపుకోలేడు, నిద్రలేచిన వెంటనే అని పెట్టుకుంటే నిలుస్తుంది. ఇంతకుముందు చేసినంత చేయలేకపోతున్నామన్న దిగులుతో ఉన్న కాస్తా వదిలేయడమే అసలు నష్టం.

ఇక ఆ రెండు రోజుల మజిలీ గురించి. ఎన్నాళ్లుంటామో తెలియని చోట కూడా వాళ్లు దిగేవారు. కొన్ని నెలల చికిత్స, కొద్దికాలపు బదిలీ, ఉద్యోగం లేని రోజులు వచ్చినప్పుడు "ఇది గడిచిపోనీ, ఆ తర్వాత అన్నీ సరిచేసుకుంటా" అనిపిస్తుంది. గడిచిపోనీ అనుకున్న ఆ నెలలు కూడా మన ఆయుష్షులోవే. "మా దినములు లెక్కించుటకు మాకు నేర్పుము" అని మోషే అడిగిన లెక్కలో ఇవీ ఉన్నాయి. ఆసుపత్రి గదిలో ఉన్నా సరే, అక్కడే బైబిలు పెట్టుకునే చోటు ఒకటి, భోజనానికి ఒక వేళ, కాసేపు నడవడానికి ఒక సమయం ఏర్పరచుకోండి.

ఏడ్పుకు కూడా ఆ ప్రయాణంలో చోటుంది. అహరోను హోరు కొండ మీద చనిపోయినప్పుడు జనులంతా 30 రోజులు దుఃఖించారు. మోషే కోసం మోయాబు మైదానాల్లో మరో 30 రోజులు. వాగ్దాన దేశం ఎదురుగా కనబడుతున్నా ఆ దినాలు తీరేవరకు ఏడ్చారు. ఇంట్లో ఒకరు ప్రభువు సన్నిధికి వెళ్లినప్పుడు, వారం తిరగకముందే బీరువా ఖాళీ చేయమని తొందరపెట్టే బంధువులుంటారు. "దాచుకొనుటకు, పారవేయుటకు" రెండిటికీ సమయం ఉందని వాక్యం చెబుతుంది. బ్యాంకు కాగితాల్లాంటి తప్పని పనులు దగ్గరివాళ్లకు అప్పగించి, మిగతావి ఆగనివ్వండి.

బరువు దించే కాలం గురించి మన సంఘాల్లో ఎక్కువగా మాట్లాడరు, అది నాకు బాధగా ఉంటుంది. సంఖ్యాకాండము 8వ అధ్యాయం ప్రకారం యాభై ఏళ్లు నిండిన లేవీయుడు ఆ పని మానాలి, కానీ కావలి కాయడంలో తన సహోదరులకు తోడుగా ఉండాలి. పని తీసేశారు, చోటు తీసేయలేదు. చాలా తరాల తర్వాత దావీదు కాలంలో ఇంకా పెద్ద మార్పు వచ్చింది. దేవుడు తన ప్రజలకు నెమ్మది ఇచ్చి యెరూషలేములో నివసిస్తున్నాడు, ఇక గుడారాన్ని మోయాల్సిన పని లేవీయులకు లేదని దావీదు చెప్పాడు. తరతరాలుగా చేసిన పని ఒక్కసారిగా అవసరం లేకుండా పోయింది. మరి వాళ్లందరినీ ఏం చేయాలి? మొదటి దినవృత్తాంతములు 23వ అధ్యాయంలో దావీదు 38,000 మందిని లెక్కించి కొత్తగా పనులు పంచాడు. 24,000 మంది మందిరపు పనికి, 6,000 మంది అధిపతులుగా, న్యాయాధిపతులుగా, 4,000 మంది ద్వారపాలకులుగా, 4,000 మంది వాద్యాలతో స్తుతించేవారిగా ఏర్పడ్డారు. ఉదయం, సాయంకాలం నిలబడి యెహోవాను స్తుతించడం ఇప్పుడు వాళ్ల విధి. మోసిన వంశాల నుంచే పాడేవాళ్లు వచ్చారు.

ఉద్యోగ విరమణ చేసినవారు, పిల్లలందరూ స్థిరపడిన తల్లిదండ్రులు, తాము ఏళ్ల తరబడి కనిపెట్టుకుని చూసుకున్న జీవిత భాగస్వామిని సమాధి చేసి ఇంటికొచ్చినవారు మీ సంఘంలో ఉంటారు. వాళ్ల భుజాలు ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి. "ఇక విశ్రాంతి తీసుకోండి అంకుల్" అని వదిలేయకండి. ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్ల పక్కన కూర్చుని, పేరుతో ఒక పని అడగండి: ఫలానా యవ్వనస్థుడి కోసం రోజూ ప్రార్థన చేయమని, ఆసుపత్రిలో ఉన్న ఫలానా కుటుంబాన్ని బుధవారం చూసి రమ్మని, సండే స్కూల్లో ఆ చిన్న గుంపుకు వాక్యం కంఠస్థం చేయించమని. మీరే ఆ వయసులో ఉంటే, ఎవరో వచ్చి అడిగేదాకా ఆగొద్దు. ఈ ఆదివారమే పాస్టరుగారి దగ్గరికి వెళ్లి, నాకు ఉదయాలు ఖాళీ, ఏం చేయమంటారని అడగండి.