కొత్తింటి కిటికీలు, తాళాలు, కెమెరాలు: ప్లాస్టరింగ్‌కు ముందే తేల్చుకున్నవి

హనుమకొండ శివారులో మా ఇంటికి గోడలు లేచాయి, పై స్లాబ్ పడింది. ఇక ప్లాస్టరింగ్ మొదలవ్వాలి. దొంగల భయం గురించిన నిర్ణయాలన్నీ ఆలోపే తేలిపోవాలని నా పట్టుదల. గృహప్రవేశం అయ్యాక చూద్దాంలే అనుకుంటే గ్రిల్ గోడలోకి దిగదు, స్క్రూల మీద నిలబడుతుంది. కెమెరా వైరు గోడ మీద బయటికే కనిపిస్తుంది, కత్తెర ఉన్నవాడెవడైనా కోసేయొచ్చు.

కిటికీలకు యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) స్లైడింగ్ అని ఇంట్లో అందరం ఒప్పుకున్నాం. దుమ్మూ వానజల్లూ ఆపడానికి అది బాగుంటుంది. దొంగను ఆపే పని మాత్రం దాని ఒక్కదానికే అప్పజెప్పలేం. సరిగా బిగించని స్లైడింగ్ రెక్కను పైకెత్తి ట్రాక్‌లోంచి తీసేయొచ్చు. అందుకే కొటేషన్‌లో మూడు సంగతులు రాయించాను: రెక్క పైకి లేవకుండా యాంటీ లిఫ్ట్ బ్లాక్, ఫ్రేము గొట్టాల (ప్రొఫైల్) లోపల బలానికి జీఐ (జింకు పూత) స్టీలు, అద్దాన్ని పట్టి ఉంచే బీడింగ్ ఇంటి లోపలి వైపు. ఈ బీడింగ్ సంగతి చాలామంది అడగరు. అది బయటి వైపు ఉంటే సన్నటి పట్టీతో ఊడదీసి, అద్దాన్ని పగలగొట్టకుండానే దించేయొచ్చు.

అసలు బలం గ్రిల్‌దే. ఫ్యాబ్రికేటర్ మొదట చదరపు పైపు చెప్పాడు. "పైపు వేద్దామన్నా, తేలికగుంటది, చూడనీకి కూడా మంచిగుంటది" అన్నాడు. లోపల బోలుగా ఉండే పైపును హ్యాక్సా బ్లేడు తొందరగా కోసేస్తుంది, కాబట్టి వద్దన్నాను. 12 ఎంఎం చదరపు కడ్డీ మీటరుకు 1.13 కిలోలు తూగుతుంది, 10 ఎంఎంది 0.785 కిలోలు. నాలుగడుగుల కిటికీకి నాలుగంగుళాలకో కడ్డీ చొప్పున పదకొండు పడతాయి. లెక్క వేస్తే రెంటికీ తేడా కిటికీకి నాలుగున్నర కిలోలే. ఆ కాస్త ఇనుముకు వెనకాడాల్సిన పని లేదనిపించి 12 ఎంఎం ఖాయం చేశాను.

కడ్డీ లావుకంటే అతుకే ముఖ్యమని షాపులో కళ్లారా చూశాను. రెండు ముక్కలు చేయించాను. ఒకదానికి అడ్డపట్టీ మీద కడ్డీని ఆనించి చుక్క వెల్డింగ్ పెట్టారు. రెండోదానికి పట్టీలో చదరపు బెజ్జం కొట్టి, కడ్డీని అందులోంచి దూర్చి వెల్డింగ్ చేశారు. పెద్ద సుత్తితో కొడితే మొదటిది అతుకు దగ్గర ఊడి పక్కకు జరిగింది. రెండోది వంగింది కానీ పట్టీని వదల్లేదు. బెజ్జాలు కొట్టే కూలి అదనం, అయినా అన్ని కిటికీలకూ అదే పద్ధతి. గ్రిల్ ఫ్రేముకు చివర చీల్చి విడదీసిన హోల్డ్‌ఫాస్ట్‌లు (గోడను పట్టుకునే ఇనుప పట్టీలు) పెట్టి, తొమ్మిదంగుళాల గోడలోకి నాలుగంగుళాలు దించి కాంక్రీటు కూరుతున్నాం. నీళ్లు పట్టి వారం దాకా వాటిని ఎవరూ కదపకూడదని మేస్త్రీకి గట్టిగా చెప్పాను. మా వైపు కోతుల బెడద కూడా ఉంది, ఈ గ్రిల్ దానికీ పనికొస్తుంది.

ఒక్క మాట మాత్రం మరిచిపోవద్దు. అన్ని కిటికీలూ బిగించేస్తే నిప్పంటుకున్నప్పుడు బయటపడే దారి ఉండదు. అందుకే మేడ మీద ఒక పడకగది గ్రిల్‌కు లోపలి నుంచి తెరుచుకునే తలుపు పెట్టిస్తున్నాం. దాని తాళంచెవి బయటి నుంచి చెయ్యి చాచినా అందనంత దూరంలో, ఇంట్లోవాళ్లకు చీకట్లోనూ దొరికేచోట ఉంటుంది.

హాల్లోంచి సిటౌట్‌లోకి వెళ్లే పెద్ద అద్దాల తలుపుకు గ్రిల్ వద్దని మా ఆవిడ ముందే చెప్పింది. అక్కడ టఫెన్డ్ అద్దం చాలదు. అది మామూలు అద్దంకంటే గట్టిదే, కానీ సూదిమొన పనిముట్టుతో ఒక్క పోటు పొడిస్తే మొత్తం చిన్నచిన్న ముక్కలై రాలిపోయి దారి ఇచ్చేస్తుంది. లామినేటెడ్ అద్దం పగిలినా మధ్యలోని పీవీబీ అనే ప్లాస్టిక్ పొర ముక్కలను పట్టి ఉంచుతుంది. 5 ఎంఎం అద్దాలు రెండు, మధ్యలో 1.52 ఎంఎం పొర ఉండేది ఆర్డరు ఇచ్చాను. జర్మనీలో ఉంటున్న మా బావమరిది అక్కడి పద్ధతి చెప్పాడు. యూరప్‌లో ఈఎన్ 1627 ప్రమాణం కింద దొంగను ఆపే బలాన్ని బట్టి కిటికీలకు ఆర్‌సీ1 నుంచి ఆర్‌సీ6 దాకా తరగతులున్నాయి. ఆర్‌సీ2 అంటే స్క్రూడ్రైవరు, పట్టకారు, సందులో దూర్చి ఎడం చేసే చెక్క ముక్కల్లాంటి వాటితో ప్రయత్నిస్తే మూడు నిమిషాలు నిలవాలి. "బావా, మూడు నిమిషాలేనా అనుకోకు, ఆ చప్పుడుకే సగం మంది వదిలేసి పోతారు" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. ఆలస్యం, చప్పుడు, ఈ రెండూ దొంగకు పడవు.

పెద్ద దర్వాజా టేకుది, దానికి ఢోకా లేదు. బయట గొళ్లెం పెట్టి తాళంకప్ప వేసే పద్ధతి మాత్రం మానేస్తున్నాం. వేలాడే కప్పను చూస్తే ఇంట్లో ఎవరూ లేరని వీధికంతా తెలిసిపోతుంది. తలుపు చెక్క లోపలే ఇమిడిపోయే మోర్టిస్ లాక్ చాలు. పెరటి తలుపూ మేడ మీది మెట్లగది తలుపూ చాలా ఇళ్లలో సన్నటి ఫ్లష్ డోర్లే. పక్కింటి డాబా మీంచి మన డాబా మీదికి రావడం ఎంతసేపు? మెట్లగదికి ఇనుప తలుపు, లోపల రెండు గడియలు. బాత్‌రూమ్ వెంటిలేటర్లకు కూడా కడ్డీలు పెట్టిస్తున్నాను. అక్కడి గాజు పలకలు చేత్తో లాగినా వచ్చేస్తాయి.

కెమెరాలు నాలుగు. క్యాట్6 వైర్లకు గోడల్లో గాళ్లు కొట్టించి పైపులు వేయించాను. 2.8 ఎంఎం లెన్సు చాలా వెడల్పుగా చూపిస్తుంది, కానీ 2 మెగాపిక్సెల్ కెమెరాలో మూడు మీటర్లు దాటితే ముఖం గుర్తుపట్టడం కష్టం. అందుకే గేటు వైపు 6 ఎంఎం లెన్సు, అది ఏడు మీటర్ల దాకా పనికొస్తుంది. ఒక్కో కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల లెక్కన రోజుకు 21.6 జీబీ రాస్తుంది. నాలుగింటికీ కలిపి 1 టీబీ డిస్కు పదకొండు రోజులకే నిండుతుంది కాబట్టి 2 టీబీ తీసుకుంటున్నాను. రికార్డరు టీవీ కింద వద్దు, అటక మీద తాళం వేసిన పెట్టెలో ఉంటుంది. రౌటర్‌తో పాటు దానికీ ఇన్వర్టర్ లైను ఇస్తున్నాం. కెమెరా పెట్టినవాళ్లు వెళ్లగానే పాస్‌వర్డ్ మార్చాలి, అది నా పని.

ఇంకా తేలనివి రెండు. పెరటి గోడకు మోషన్ లైటు (కదలిక ఉంటే వెలిగేది) ఎంత ఎత్తులో పెట్టాలన్నది ఒకటి. కిటికీ సన్‌షేడ్ పక్క నుంచే దిగుతున్న డ్రైనేజీ పైపును అవతలి మూలకు జరపడం రెండోది. దాన్ని పట్టుకుని మేడ ఎక్కడం తేలికే కాబట్టి ప్లంబర్‌ను ఈ ఆదివారం రమ్మన్నాను.